పాలోళ్ళు

మనుషుల్ని వర్గీకరించే పని నాది. ఎలుకల్ని వర్గీకరించే పని విశ్వనాథం గారిది. ఇద్దరి గదులూ ఒకే వరండాలో ఎదురెదురుగా ఉండేవి. మా ఇద్దరి చేతుల్లోనూ పడ్డ మనిషి ఉప్పలయ్య ఒక్కడే, పాపం.

ఉప్పల్ రోడ్డు మీద, చెట్ల వెనక, బోర్డు తప్ప ఇంకేమీ కనపడని పరిశోధన సంస్థ మాది. నేను పరిపాలన విభాగంలో సూపరింటెండెంటుని. పేరు మంగతాయారు. పుట్టింది భీమవరంలో, బతుకంతా గడిపింది ఇక్కడ. నా బల్ల అద్దం కింద ఒక పట్టిక ఉండేది: సైంటిస్టు, టెక్నికల్, స్కిల్డ్, సెమీ స్కిల్డ్, అన్‌స్కిల్డ్. లోకంలోని మనుషులంతా ఆ అయిదు గడుల్లో ఎక్కడో ఒకచోట పట్టాలి. ఉప్పలయ్య చేరిన రోజున అతని ఫారం నింపింది నేనే. చదువేమిటయ్యా అంటే "ఏడు సదివిన" అన్నాడు. అనుభవం ఏమిటంటే "ఎల్కల వడ్త" అన్నాడు. ఎలుకలు పట్టడమనే గడి మా ఫారంలో లేదు. అన్‌స్కిల్డ్ అని రాశాను. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ మాట మార్చాలని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. తోచి ఉంటే ఇవాళ ఇది రాసే అవసరం ఉండేది కాదు.

అతనిది జనగామ దగ్గర ఊరు. పెళ్ళయిన కొత్తలో నాచారం వచ్చి ఒక నూలుమిల్లులో చేరాడు. గోదాములో బేళ్ళు కొరికేస్తున్న ఎలుకల్ని ఒక్కడే కూర్చుని ఖాళీ చేయించాడని పేరొచ్చింది. మిల్లు మూతపడింది, పేరు మాత్రం మిగిలింది. ఆ పేరు విని విశ్వనాథం గారే కబురుపెట్టి మొదట కాంట్రాక్టు మీద పిలిపించారు. కీసర పొలాల్లోనూ, చర్లపల్లి అవతల బీళ్ళలోనూ, అప్పటికింకా కాలనీలు లేని దమ్మాయిగూడలోనూ చిట్టెలుకల్ని పట్టి తేవాలి. తెచ్చి, మా వెనక షెడ్డులో పంజరాల్లో పెట్టి సాకాలి. ఇదీ అతని ఉద్యోగం.

పట్టడమంటే ఏదో బోను పెట్టి కూర్చోవడం కాదు. తెల్లారేసరికి మోపెడ్ మీద పొలం చేరి, గట్టు మీద కన్నం చూసి, లోపల ఎవరున్నారో చెప్పేవాడు. "ఇది తల్లి, నాలుగు పిల్లలున్నయ్, ఇప్పుడు ముట్టొద్దు" అనేవాడు. ఒకసారి డైరెక్టరు గారి గదిలో ఎలుక దూరిందని గోల గోల అయింది. ఉప్పలయ్య వెళ్ళి వాసన పీల్చి, "గిది ఎల్క కాద్సార్, సుంచు. దీని ఇంటిపేరే వేరు" అన్నాడు. డైరెక్టరు గారు అది ఎగతాళి అనుకున్నారు. కాదు బాబూ, అక్షరాలా నిజం. చుంచు అసలు ఎలుకల వంశమే కాదట. ఆ సంగతి నాకు విశ్వనాథం గారు చెప్పారు, అదీ పన్నెండేళ్ళ తర్వాత, తానే కనిపెట్టినట్టు.

రాత కూడా శుభ్రంగా ఉండేది. పంజరాలకు కట్టే చీటీల మీద లాటిన్ పేర్లను గుండ్రటి అక్షరాలతో రాసేవాడు. అర్థం తెలియని మాట రాసేవాడు కాదు. ముందు అడిగేవాడు. విసుక్కున్నా అడిగేవాడు. విశ్వనాథం గారు విసుక్కుంటూనే చెప్పేవారు.

ఇంత చేసినా బంధువుల్లో అతని పేరు "ఎల్కలోడు". భార్య లక్ష్మీనర్సమ్మ పక్కింటివాళ్ళతో "మా ఆయన సైంటిస్టుల ఆఫీసుల చేస్తడు" అని చెప్పి గబుక్కున మాట మార్చేసేది. ఆమె అన్న పరంధామయ్య చర్లపల్లిలో ఏదో ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. పెళ్ళికైనా, దినానికైనా, అందరూ కూర్చున్నాక గొంతెత్తి, "ఏం బావా, ఈ వారం ఎన్ని దొర్కినయ్? ఒక తోక మాకు గూడ తేరాదూ?" అని మొదలుపెట్టేవాడు. నలుగురూ నవ్వేవాళ్ళు. ఉప్పలయ్య కూడా నవ్వేవాడు. కానీ రిటైర్మెంటుకు ఏడాది ఉందనగా ఒకరోజు నా గదికి వచ్చి, నిలబడే అన్నాడు: "తాయారమ్మా, గీ సార్లంత పేపర్లు అచ్చేస్తరు గద. ఒక్క దాంట్ల నా పేరు వడితె సాలు. పైస వద్దు, ఏమొద్దు. అచ్చుల పేరు సూపెడితె మా బావ నోరు మూతవడ్తది. మా ఇంటామె గూడ తలెత్తుకుంటది."

అంత చిన్న కోరిక మా సంస్థలో తీరడం ఎంత కష్టమో నాకు తెలుసు. "చూద్దాంలే ఉప్పలయ్యా" అన్నాను. ఆఫీసు భాషలో దానికి అర్థం లేదని అతనికీ తెలుసు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఉప్పలయ్య దగ్గర ఒక రిజిస్టరు ఉండేది. ఏ ఎలుక, ఏ తేదీ, ఏ పొలం, బరువెంత. చివర్న "రిమార్కులు" అని ఒక గడి. మిగతా గడులు ఎలా నింపాలో అందరూ చెప్పారు, దీని గురించి ఎవరూ చెప్పలేదు. అందుకని అతను తనకు తోచింది రాసేవాడు: ఎలుకల చుట్టరికాలు. రెండే మాటలు. కొన్నింటికి "వియ్యపోళ్ళు", కొన్నింటికి "పాలోళ్ళు".

నల్లరేగడిలో దొరికే చిట్టెలుక, చెల్క అనే ఎర్ర ఇసుక నేలలో దొరికే చిట్టెలుక చూడ్డానికి అచ్చం ఒకటే. తోక, చెవి, పన్ను, అన్నీ ఒకటే. ఆ రెండింటికీ ఎదురుగా పాతికేళ్ళుగా అతను రాసింది "పాలోళ్ళు" అని. విశ్వనాథం గారిది కాకినాడ. పాలోళ్ళంటే పాలివాళ్ళు, జ్ఞాతులు, ఒకే రక్తం. ఆయనకు అంతే తట్టింది. ఒకే రక్తం అంటే ఒకే జాతి. మన్ను రంగును బట్టి ఒంటి రంగు కాస్త మారిందంతే. రెండింటినీ కలిపేసి ఒక జాతిగా పేపరు రాశారు. తోక కొసన గోరంత ముక్క తీసి, అందులోని డీఎన్ఏ అక్షరాలను మెషీనుతో చదివిస్తే ఎవరు ఎవరికి ఎంత దగ్గరో తెలిసి ఒక వంశవృక్షం తయారవుతుందట. అరవై రెండు ఎలుకలుంటే అన్నీ చదివించడం ఎందుకు, ఎలాగూ ఒకే జాతి కదా అని నాలుగింటివి పంపారు. నాలుగూ రేగడివే. ఆ డబ్బా ముందు వరుసలో ఉంది మరి.

పేపరు తిరిగొచ్చింది. చదివిన విదేశీ పండితుడెవరో ఒకే ప్రశ్న వేశాడు: రెండూ ఒకే జాతి అయితే కలిపి పెట్టినప్పుడు పిల్లలు పుట్టాలి కదా, ఏవీ?

ఏవీ అంటే, లేవు. రేగడిదొకటి, చెల్కదొకటి చొప్పున ఇరవై రెండు జతలు, పదకొండు నెలలు, ఒక్క పిల్ల లేదు. విశ్వనాథం గారు మండిపడ్డారు. తప్పు సిద్ధాంతంలో ఉండదు గదా, షెడ్డులోనే ఉండాలి. "అన్‌స్కిల్డ్ వాళ్ళకి అప్పగిస్తే ఇలాగే ఉంటుంది మంగతాయారు గారూ. మెమో ఇవ్వండి" అన్నారు. ఇచ్చాను. నా చేతులతోనే టైపు చేశాను: "నీ సంరక్షణలోని ఇరవై రెండు జతల ఎలుకలు పదకొండు నెలలుగా సంతానము పొందకపోవుటకు కారణమేమో మూడు దినములలో లిఖితపూర్వకముగా తెలుపవలెను."

ఉప్పలయ్య ఆ కాగితం పట్టుకుని వచ్చాడు. రెండుసార్లు చదివాడు.

"తాయారమ్మా, గీ మెమో నాకా, ఎల్కలకా?"

నాకు నవ్వాగలేదు. అతను మాత్రం నవ్వలేదు.

"గవి పాలోళ్ళమ్మా" అన్నాడు. "నేను మొదాల్నుంచి రాస్తనే ఉన్న. పాలోళ్ళను ఒక్క పంజరంల వెట్టి పిల్లలేవీ అంటె యాడికెల్లి తేవాలె? అన్నదమ్ముల బిడ్డలను తెచ్చి ఒక్క రూముల వెట్టి, ఏంది ఇంకా పెండ్లి కాలేదా అని అడిగినట్టున్నది."

"పాలోళ్ళంటే ఒకటే రక్తం కదయ్యా. అందుకే ఒకే జాతి అని సారు అనుకున్నారు."

అతను నన్ను జాలిగా చూశాడు. ఆ చూపు నేను మరిచిపోలేదు.

"ఒక్కటే రక్తమనే గదమ్మా పిల్లనిచ్చుకోనిది! మనుషులైనా గంతే, ఎల్కలైనా గంతే. సూడనీకి ఒక్క తీరుగ ఉంటరు, ఒక్క తాత పేరు జెప్తరు, గని ఇచ్చిపుచ్చుకునుడు ఉండది. గాళ్ళు పాలోళ్ళు. సూడనీకి వేరె ఉన్నా పిల్లనిచ్చుకుంటరు, గాళ్ళు వియ్యపోళ్ళు. కాపురం జేసిన్రా లేదా, గదే జూస్త నేను. ముక్కు, చెవి జూసి ఏం జేస్త?"

పాతికేళ్ళ రిజిస్టరులో ఉన్నది చుట్టరికం కాదు, తీర్పు. దాన్ని మేమంతా తలకిందులుగా చదివాం. పాలోళ్ళని కలిపేశాం. ఇంకోచోట, పొడుగు తోకవీ పొట్టి తోకవీ వియ్యపోళ్ళు అని అతను రాస్తే, వేరే ఇంటివాళ్ళు కాబోలని రెండు జాతులుగా విడదీశాం. పీహెచ్‌డీ ఉన్నవారు ఆయనా, పట్టిక ఉన్నదాన్ని నేనూ.

సంజాయిషీ నేనే రాసిపెట్టాను, అతను చెప్పింది చెప్పినట్టు. విశ్వనాథం గారు దాన్ని తెరవకుండానే "ఫైల్ చేయండి" అన్నారు. ఫైలు మోసుకెళ్ళే దారిలో దాన్ని చదివినవాడు హృషికేశ్, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న కుర్రవాడు. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాడు, ఈ భాష తెలిసినవాడు. వరండాలోనే నిలబడిపోయి, తల కొట్టుకుని, షెడ్డుకు పరిగెత్తాడు. మిగతా యాభై ఎనిమిది తోక ముక్కలూ పంపాడు.

ఆరు వారాలకు ఫలితం వచ్చింది. చెట్టు రెండు కొమ్మలుగా చీలింది. రేగడివన్నీ ఒక కొమ్మ, చెల్కవన్నీ ఇంకో కొమ్మ. ఒక్కటి కూడా అటూ ఇటూ కాలేదు. చెల్క ఎలుకకు లోకంలో ఇంతవరకు ఎవరూ పేరే పెట్టలేదు. కొత్త జాతి!

హృషికేశ్ ఉప్పలయ్యను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి చూపించాడు. "సూడు మామా, ఈ రెండు ఇక్కడ వేరువడ్డయ్. లక్షల ఏండ్ల కింద."

"నేను జెప్తనే ఉన్న. వేరువడ్డంక పొత్తు యాడుంటది?" అన్నాడు ఉప్పలయ్య. అతనికి అందులో వింతేమీ కనపడలేదు.

"దీనికి నీ పేరే వెడదం మామా. సారుకు జెప్త నేను."

ఆ మాట మాత్రం అతనికి వింతగానే వినిపించింది. లేచి నిలబడ్డాడట. "మనిషి పేరు వెడ్తరా?" అన్నాడట. పెడతారని అతనికి తెలుసు. అలాంటి చీటీలు ఎన్ని రాశాడో! ఎవరో దొరల పేర్లు, ఎవరో ఆచార్యుల పేర్లు. సాయంత్రం మోపెడ్ మీద ఇంటికి వెళ్తూ దారిలో లడ్డూలు కొన్నాడు. లక్ష్మీనర్సమ్మ వెంటనే అన్నకు ఫోన్ చేసింది. అవతల నుంచి పరంధామయ్య, "నిజంగనే?" అన్నాడట. మర్నాడు ఉప్పలయ్య నా చేతిలో ఒక లడ్డూ పెట్టి, ఆ "నిజంగనే"ని నాకు మూడుసార్లు అభినయించి చూపించాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో అతను నా గదిలో కుర్చీలో కూర్చున్నది ఆ రోజే.

కొత్త పేపరు చిత్తుప్రతి సంతకాల కోసం నా బల్ల మీదికి వచ్చింది. పేరు చూశాను. ఉప్పలెన్సిస్ అని ఉంది. రచయితలు విశ్వనాథం గారు, డైరెక్టరు గారు, హృషికేశ్. చివర్న, "సాంకేతిక సహాయం అందించిన క్షేత్రసిబ్బందికి కృతజ్ఞతలు." క్షేత్రసిబ్బంది అంటే ఉప్పలయ్య. అతను బహువచనమైపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. ఎదురుగదికి వెళ్ళి అడిగాను. "ఏమిటండీ ఇది? అతని పేరు పెడతామని కుర్రాడు చెప్పాడట కదా."

విశ్వనాథం గారు కళ్ళజోడు తీశారు. "ఉప్పల్ అంటే ఉప్పలయ్య లేడా అందులో? ఉన్నాడుగా!"

"ఆ ఎలుక దొరికింది కీసర దగ్గర. ఉప్పల్‌లో ఒక్కటీ లేదు."

"కీసర ఎవరికి తెలుసండీ ప్రపంచంలో? ఉప్పల్ అంటే స్టేడియం ఉంది. డైరెక్టరు గారి కోరిక కూడానూ." మళ్ళీ కళ్ళజోడు పెట్టుకున్నారు. "ఆయనకి తేడా ఏం తెలుస్తుంది చెప్పండి. సంతోషపడతాడు. పడనివ్వండి."

హృషికేశ్ తల వంచుకుని ప్రింటరులో కాగితాలు సర్దుతున్నాడు. వాడి డిగ్రీ ఆయన సంతకం కింద ఉంది. నా సంగతేమిటి? నాకేం భయం? నోరున్న మనిషినని ఆ వరండాలో పేరు నాకు. కాగితం తిప్పి పంపవచ్చు, కనీసం ఉప్పలయ్యకు ముందే చెప్పవచ్చు. రెండూ చేయలేదు. అతను లడ్డూ పెట్టిన చేయి గుర్తొచ్చి చెప్పలేకపోయానని ఇప్పుడంటే అది అందంగా ఉంటుంది గానీ, అసలు సంగతి బద్ధకం. సంతకం పెట్టి పంపేశాను.

పేరు ప్రకటించే సభ ఉప్పలయ్య ఆఖరి పనిదినం నాడే పెట్టారు. పొద్దున పదకొండింటికి. ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. పక్కన పట్టుచీరలో లక్ష్మీనర్సమ్మ, వాళ్ళ వెనక ఫ్యాక్టరీకి సెలవు పెట్టి వచ్చిన పరంధామయ్య. వెనక వరుసలో కూర్చున్నారు. తెర మీద చెట్టు బొమ్మ వచ్చింది. విశ్వనాథం గారు పాతికేళ్ళ తన అనుమానం గురించి, ఆ రెండూ ఒకటి కావేమోనన్న తన అంతర్వాణి గురించి చాలా బాగా మాట్లాడారు. తర్వాత పేరు తెర మీద పడింది.

"ఉప్పల..." వరకు చదివి పరంధామయ్య లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. "నీ పేరే బావా! నీ పేరే!" హాలంతా తిరిగి చూసింది. లక్ష్మీనర్సమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఉప్పలయ్య తెర వంక చూస్తూ కూర్చున్నాడు. పెదవులు కదులుతున్నాయి. పేరును ఆఖరిదాకా చదువుతున్నాడు.

టీ దగ్గర పరంధామయ్య ఊరుకోలేదు. నేరుగా విశ్వనాథం గారి దగ్గరికి వెళ్ళి, దండం పెట్టి, "సార్, గిది మా బావ పేరే గద?" అని అడిగాడు.

ఆయన క్షణం తడబడ్డారు. "ఆఁ... ఆయన పేరే, ఆయన పేరే" అన్నారు.

పరంధామయ్య వచ్చి బావను కౌగిలించుకున్నాడు. "ఇన్నొద్దులు నేను నవ్విన బావా. తప్పైంది. మనసుల వెట్టుకోకు."

నేను ఉప్పలయ్య పక్కకు వెళ్ళి నిలబడ్డాను. అతనే మెల్లిగా అన్నాడు.

"ఇరవై ఎనిమిదేండ్లు చీటీలు రాసిన తాయారమ్మా. ఊరి పేరైతె కొసకు ఎన్సిస్. మనిషి పేరైతె ఐ. గీ సారే జెప్పిండు నాకు."

"చెప్పు మరి వాళ్ళకి" అన్నాను. నా గొంతు నాకే దొంగగొంతులా వినిపించింది.

అతను భార్య వంక చూశాడు. ఆమె ఎవరో సైంటిస్టు భార్యతో, తలెత్తి, మాట మార్చకుండా, "మా ఆయన ఎల్కలు వడ్తడమ్మా. గా ఎల్క గూడ మా ఆయన వట్టిందే" అని చెప్తోంది.

"ఇప్పుడేం జెప్తనమ్మా" అన్నాడు ఉప్పలయ్య. ప్లేటులో సమోసా అలాగే ఉంది.

మర్నాడు అతని సామాన్లు లెక్క చూసుకుని క్లియరెన్స్ ఇవ్వడానికి షెడ్డుకు వెళ్ళాను. పంజరాలు తుడిచి ఉన్నాయి. రిజిస్టరు బల్ల మీద తెరిచి ఉంది. ఆఖరి వరుసలో తేదీ, దాని పక్కన గుండ్రటి అక్షరాలతో రెండు పేర్లు: ఉప్పలెన్సిస్, ఉప్పలయ్య. బరువు గడి ఖాళీ. రిమార్కుల గడిలో ఒకటే మాట: పాలోళ్ళు.

నా వెనకే వచ్చిన విశ్వనాథం గారు భుజం మీదుగా తొంగిచూసి చదివారు. ముఖం వెలిగిపోయింది.

"చూశారా మంగతాయారు గారూ? నేను చెప్పలేదూ? ఆ ఎలుకా తనూ ఒకటే రక్తమని రాసుకున్నాడు పాపం. ఎంత పొంగిపోయాడో!"

ఆ పేజీని ఫోనులో ఫోటో తీసి, సంస్థ గ్రూపులో పెట్టారు. సాయంత్రానికి అరవై మంది దండాలు పెట్టారు.